ఎడంచేతి వయసు

లెంక సత్తిబాబు కూతురు గౌరికి ఎడంచెయ్యి పెరగడం మానేసిందట. ఈ మాట మొదట అన్నది గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగే గాజులమ్మి. గాజులమ్మి అన్నదని ఎదురింటి అప్పలనరసమ్మ చెప్పింది. అప్పలనరసమ్మ చెప్పిందని కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న వాళ్ళందరూ చెప్పారు. గౌరి కుడిచేతికి గాజు ఎక్కించడానికి సబ్బునురగ రాయాల్సి వచ్చిందట. అదే కొలత గాజు ఎడంచేతికి తొడిగితే జారిపోయి, అరుగుమీద పడి రెండు ముక్కలైందట. "ఒకే గుంటకి రెండు కొలతలేటమ్మా? ఒక సెయ్యి పెళ్ళికూతురిది, ఒక సెయ్యి బడిపిల్లది" అని గాజులమ్మి ముక్కుమీద వేలేసుకుందట.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ అప్పలనరసమ్మ ఎందుకవుతుంది? దానికి తన సొంత సరుకు కొంత కలిపింది. ఆడపిల్ల చేత ఇనుము ఎత్తిస్తే అంతేనంది. కాదు, సత్తిబాబు చెల్లెలు విశాఖపట్నంలో మేకల మీద ఏవో మందుల పరీక్షలు చేస్తుంది కదా, ఆ మేకల ఉసురు తగిలిందంది. మాట మూడు వీధులు తిరిగి గౌరి తల్లి నూకాలమ్మ చెవిన పడేసరికి చెయ్యితోపాటు ఒక కాలు కూడా పెరగడం మానేసింది.

నూకాలమ్మ చేట పక్కన పెట్టి లేచింది. వీధిలోకి వచ్చి నడుముమీద చెయ్యేసి నిలబడింది.

"ఓలప్పలనర్సమ్మా! నా కూతురి సెయ్యి పెరగలేదని నీకెందుకే అంత దిగులు? నీ కొడుక్కి బుర్ర పెరగలేదని నానెప్పుడైనా కుళాయి కాడ సెప్పినానా?"

ఎదురింటి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. గెలిచిన మనిషిలాగే నూకాలమ్మ లోపలికి వచ్చింది. కాని కూతుర్ని పిలిచి, రెండు చేతులూ తన ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని చూసింది. చూసి చాలాసేపు వదల్లేదు. కుడి అరచెయ్యి తన అరచేతికి సరిపోయింది. ఎడమది ఒక కణుపు లోపలే ఆగిపోయింది. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు ఎముక బుడిపెలా పైకి లేచి ఉంది.

"ఇది ఎప్పుట్నించే?"

"తొడుగు ఏసుకుంటున్నాను కదమ్మా. అందుకే కాసింత సన్నబడినాదని అత్త సెప్పింది. సీలిక నయమైపోతే మళ్ళీ మామూలైపోతాదట."

"ఆ బుడిపేటి?"

"రాడ్డు నెత్తిమీదకి లేపితే అక్కడే పొడుస్తాది. నాన్నకి సెప్పినాను. పట్టు మార్చమన్నాడు."

*

జీడివలసలో కసరత్తు చేసే తాలింఖానా లేని వీధి ఉండొచ్చు గాని, బరువులెత్తే మనిషి లేని ఇల్లుండదు. తొమ్మిదేళ్ళు రాగానే పిల్ల చేతికి ముందు చీపురుకట్ట ఇస్తారు, తర్వాత వెదురుగెడ ఇస్తారు, ఆ తర్వాతే ఇనప రాడ్డు. ఊళ్ళో ఉద్యోగాలన్నీ అలా వచ్చినవే. రైల్వేలో ఉన్నవాడు స్నాచ్ ఎత్తి వెళ్ళాడు. పోలీసులో ఉన్నామె జెర్క్ ఎత్తి వెళ్ళింది. అందుకని బడిలో వేసే పుట్టినతేదీకీ పిల్ల నిజంగా పుట్టిన రోజుకీ మధ్య ఒకటి రెండేళ్ళు దూరం ఉండడం జీడివలసలో దొంగతనం కిందికి రాదు. పొలం గట్టు ఒక జాన అటు జరపడం లాంటిది. అందరూ జరుపుతారు. ఎవరూ కొలవరు.

కాని ఈమధ్య కొలవడం మొదలైంది. పిల్లల పోటీలకు వచ్చినవాళ్ళ వయసు తేల్చడానికి ఎడంచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తున్నారు. కాగితం ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది గాని ఎముకకు అది చాతకాదు. ఎడమ చెయ్యే ఎందుకంటే లోకమంతటా ఆ చేతి బొమ్మలతోనే పోల్చి చూస్తారు. అదొక వాడుక.

సత్తిబాబుకు ఈ సంగతి తెలిసిన ఏడే విశాఖపట్నం నుంచి చెల్లెలు తవిటమ్మ వచ్చింది. సత్తిబాబు తర్వాత పుట్టినవాళ్ళు ఇద్దరు దక్కకపోతే, ఈమెను పుట్టగానే దోసెడు తవుడుకు పక్కింటివాళ్ళకు అమ్మి మళ్ళీ తెచ్చుకున్నారు. అందుకే ఆ పేరు. పెద్ద చదువులు చదివి ఎముకల శాస్త్రవేత్త అయ్యాక కూడా ఆమె ఆ పేరు మార్చుకోలేదు. పరిశోధనాలయంలో తలుపుమీద డాక్టర్ తవిటమ్మ అనే రాసి ఉంటుంది. ఊరు అందుకు ఆమెను ఇంకొంచెం ఎక్కువ ప్రేమించింది.

అప్పుడు గౌరికి అసలు లెక్కన పదమూడు దాటాయి. ఎడమ మణికట్టు నొప్పిగా ఉందని వారం నుంచి అంటోంది. అన్నా చెల్లెలూ తాలింఖానా వెనక జీడిచెట్ల కింద సాయంత్రమంతా మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక తవిటమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"కోడలుపిల్లా, లోపల ఎముక ఎదిగే చోట సన్నటి చీలికుంది. భయమేం లేదు. నేనొకటి కనిపెట్టాను. రోజూ పడుకునేముందు వేసుకుంటే చాలు."

అది వేళ్ళ కణుపుల నుంచి ముంజేతి సగం దాకా వచ్చే తొడుగు. గుడ్డకన్నా మెత్తన. లోపల జల్లెడలా సన్నటి తీగలు. వేసుకుంటే చీమలు వరసగా నడిచినట్టు ఉంటుంది, తర్వాత ఏమీ తెలియదు. తవిటమ్మ దానికి ఊయల అని పేరు పెట్టింది.

"ఊయలేటత్తా?"

"తాటిచెట్టు మొవ్వలోంచి ఎదుగుతుంది కదే. మనిషి ఎముక్కి కూడా చివర ఒక మొవ్వుంటుంది. దెబ్బ తగిలిన మొవ్వ ఎదుగుతూ ఉంటే వంకర తిరిగిపోతుంది. అందుకని దాన్ని కొన్నాళ్ళు నిద్రపుచ్చాలి. నయమయ్యాక లేపాలి. పిల్లకి జ్వరమొస్తే బడికి పంపుతామా? అంతే."

చెప్పిన మాటల్లో ఒక్క మాట తప్ప అన్నీ నిజమే.

*

రెండు మూడు నెలలకోసారి గౌరి తండ్రితో కలిసి విశాఖపట్నం వెళ్ళేది. పరిశోధనాలయం వెనక కొండవాలులో కంచె వేసిన చోట మేకపిల్లలుండేవి. అత్త ఆమె చేతిని ఎక్స్‌రే తీసి, తెరమీద చూసుకుంటూ తనలో తాను నవ్వుకునేది. అత్త నవ్వితే చెయ్యి బాగుపడుతోందని గౌరి అనుకునేది.

ఒకరోజు కంచెలో ఒక మేకపిల్ల గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. గడ్డి కోసం ముందుకు పోదామని చూస్తుంది, ఎడమ వైపుకు ఒరిగి మళ్ళీ మొదలైన చోటికే వస్తుంది. దాని ముందరికాలు ఒకటి పొట్టి.

"అత్తా, దీనికి మోకాలి కింద ఏటైంది?"

"అది మోకాలు కాదే. మేక ముందరికాలికి మనం మోకాలనుకునేది దాని మణికట్టే. పుట్టుకతోనే అంత. కుంటిది."

గౌరి నవ్వి, ఒక తుమ్మకొమ్మ తెంపి దాని మూతి దగ్గర పెట్టింది. తెచ్చిపెట్టే మనిషి ఉంటే దానికి తిరగాల్సిన పని ఉండదు కదా అనుకుంది. సత్తిబాబు మాత్రం ఆ మేక వైపు చూడలేదు. బస్సుకు వేళవుతోందని తొందరపెట్టాడు.

అలా రెండున్నరేళ్ళు గడిచేసరికి గౌరి తన ఈడు పిల్లల్ని దాటిపోయింది. నడుము కుదిరింది, తొడలు బలిశాయి. స్నాచ్‌లో రాడ్డు నేల నుంచి లేచి నెత్తిమీదికి వెళ్ళే దారిలో ఒక్క చోటా తడబడేది కాదు. రాష్ట్ర క్రీడా వసతి పాఠశాల ఎంపికలకు ఆమెను పంపాలని సత్తిబాబు నిర్ణయించాడు. చేరితే తిండీ చదువూ శిక్షణా అన్నీ వాళ్ళవే. చేర్చుకునేది మాత్రం పదిహేనేళ్ళ లోపు వాళ్ళనే. కాగితం ప్రకారం గౌరికి పద్నాలుగు. నూకాలమ్మ లెక్కన పదహారు.

"ఎక్స్‌రే తీస్తారు. దెబ్బలేటైనా ఉన్నాయేమోనని సూస్తారంతే. ఎడంసెయ్యి పెట్టు. ఏటీ మాటాడకు" అని తండ్రి చెప్పాడు.

నూకాలమ్మ గాజుల మాట ఎత్తింది. సత్తిబాబు కసిరాడు. "అప్పలనర్సమ్మ సెప్పిందని నా కూతుర్ని ఇంట్లో కూకోబెట్టమంటావేటి?"

*

ఎంపికలు జరిగే ఊళ్ళో ఎక్స్‌రే గది బయట పిల్లలు వరసలో నిలబడ్డారు. గౌరి ఎడంచేతిని వీపు వెనక దాచుకుంది. ఆమె భయం వయసు గురించి కాదు. చీలిక గురించి. ఎముకలో చీలిక కనబడితే ఇంటికి పంపేస్తారు. అన్నేళ్ళ చెమట, నాన్న ఆశ, అన్నీ ఆ సన్నగీత పాలవుతాయి. లోపలికి పిలిచేసరికి ఆమె ఒక తెలివైన పని చేశాననుకుంది. బల్లమీద బాగున్న చెయ్యి పెట్టింది.

బొమ్మ తీసే కుర్రాడు ఫోనులో మాట్లాడుతూ మీట నొక్కేశాడు. తర్వాత చూసుకున్నాడు.

"కుడిచెయ్యి పెట్టావేంటి? ఎడంది పెట్టు."

"అన్నియ్యా, ఇదే సరిపోద్ది కదా."

"నీ ఇష్టమా?"

తప్పలేదు. ఎడంది కూడా పెట్టింది. రెండు బొమ్మలూ పక్క గదిలో డాక్టర్ భానోజీరావు బల్లమీదికి వెళ్ళాయి. ఆయన పెద్దమనిషి. పిల్లల ఎముకలు చూసి చూసి కళ్ళద్దాలు మందమైనవాడు. రెండు బొమ్మల్నీ వెలుగుపలక మీద పక్కపక్కన తగిలించి, కాసేపు చూసి, కుర్రాణ్ణి పిలిచాడు.

"ఇద్దరి బొమ్మలు కలిపేశావురా."

"లేదండి. ఒక్క పిల్లవే."

గౌరికి ఏడుపొచ్చేసింది. గుమ్మం దాటి లోపలికి వచ్చి చేతులు జోడించింది. "డాక్టర్ గారూ, ఎడంసేతికి సిన్న సీలికుందండి. నయమైపోతన్నాదండి. రాయకండి, మీకు దండం పెడతాను."

"చీలికా? ఎక్కడమ్మా?"

"ఎదిగే సోట."

ఆయన ఆమెను దగ్గరికి రమ్మన్నాడు. మణికట్టులో గులకరాళ్ళలా ఎనిమిది చిన్న ఎముకల్ని వేలితో చూపించాడు. పుట్టినప్పుడు ఇవేవీ కనబడవన్నాడు. వేసవిలో గెడ్డలో నీళ్ళు ఎండేకొద్దీ రాళ్ళు ఒక్కొక్కటీ పైకి తేలినట్టు ఏడాదికొకటి తేలతాయన్నాడు. తర్వాత ముంజేతి ఎముక చివర ఉన్న నల్లటి గీత దగ్గర వేలు ఆపాడు.

"ఎదిగేది ఇక్కడ. ఎదగడం అయిపోతే ఈ గీత మాసిపోతుంది. నీ కుడిచేతిలో మాసిపోవడానికి సిద్ధంగా ఉంది, చూశావా? ఎడంచేతిలో నిన్న గీసినట్టుంది. కుడిచెయ్యి పదహారేళ్ళ పిల్లది. ఎడంది పదమూడేళ్ళది. మధ్యలో నువ్వెవరివమ్మా?"

గౌరి వెలుగుపలక మీద ఆ చీలిక కోసం వెతికింది.

"చీలిక ఏదీ లేదు. ఎప్పుడూ లేదు. అతికినా గుర్తుంటుంది. ఈ చేతికి ఏ దెబ్బా తగల్లేదు. ఎవరో దీన్ని ఆపేశారు." ఆయన చిటికెన వేలి వైపు ఎముకను చూపించాడు. "బొటనవేలి వైపు ఎముక పూర్తిగా ఆగిపోయింది. ఇది మాత్రం మొండిగా కొంచెం కొంచెం ఎదుగుతూనే ఉంది. పక్కది ఆగిపోతే ఇదొక్కటీ ఎక్కడికి పోతుంది? మణికట్టులోకి పొడుచుకొస్తోంది. బరువు నెత్తిమీదికి లేపినప్పుడు నొప్పి లేదూ?"

ఉందని తల ఊపింది.

"ఇలాగే వదిలేస్తే చెయ్యి పక్కకి ఒరిగిపోతుంది. రాడ్డు సంగతి అటుంచు, నీళ్ళ బిందె ఎత్తడం కూడా కష్టమవుతుంది. ఎవరు చేశారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి, లేపడం వచ్చా అని అడుగు. నాకు రాదు."

బయట వేపచెట్టు కింద సత్తిబాబు అరటిపళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. కూతురి మొహం చూశాడు. ఏమైందమ్మా అని అడగలేదు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు.

"ఏ సెయ్యి పెట్టినావు?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో గౌరికి అంతా తెలిసిపోయింది.

*

ఎంపిక చేజారింది. బస్సులో గౌరి తండ్రి పక్కన కూర్చోలేదు. ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది. ఊరి మలుపు దగ్గర దిగాక సత్తిబాబు వెనకే నడుస్తూ మొదలుపెట్టాడు.

"నీ ఈడులో నాను పోటీకెళ్తే పొద్దున్నే మీసాలు గీసుకునొచ్చినోళ్ళు నా పక్కన నిలబడినారు. పిల్లల పోటీకి! ఆళ్ళ గెడ్డాలు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆళ్ళకి ఉద్యోగాలొచ్చినాయి. నాకు నడుం నొప్పొచ్చినాది. న్యాయంగా ఉంటే ఏటొస్తాదో నాకు తెల్సు."

గౌరి నడక ఆపలేదు.

"నీ కోసమే కదే సేసినాను."

"నా కోసమైతే నాకు సెప్పేవోడివి."

ఇంటికి వచ్చాక నూకాలమ్మ అంతా విన్నది. అన్నం వడ్డించే గరిటె చేతిలోనే ఉంది. ఆమె మొగుడి మీద అరవలేదు. ఎదురింటి తలుపు వైపు ఒకసారి చూసింది. ఊరంతటికీ కనబడింది తన ఇంట్లో తనకే కనబడలేదే అని ఆమె సిగ్గు. "సీలికన్నారు. నానే రోజూ మర్చిపోకుండా తొడిగినాను. నిద్రపోతంటే కూడా లేపి తొడిగినాను" అని గరిటె కింద పెట్టి, ఆ చేతిని చీరకు తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది.

తవిటమ్మకు ఫోను చేశారు. తొడుగు తీసేయమంది. తీసేస్తే మొవ్వ దానంతట అదే లేస్తుందంది. కంగారు పడొద్దంది.

వానలు వచ్చాయి, ఊడ్పులు అయ్యాయి. కుడిచెయ్యి నిబ్బరంగా తన పని తాను చేసుకుపోయింది. ఎడంచెయ్యి లేవలేదు. బుడిపె మాత్రం పెరిగింది. గౌరి తాలింఖానాకు పోవడం మానేసింది. చిన్నపిల్లలు వెదురుగెడలు లేపుతుంటే గోడ మీద నుంచి చూసేది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు లోపలికి వెళ్ళి ఉత్త రాడ్డు నెత్తిమీదికి లేపింది. కుడివైపు నిలిచింది. ఎడమ మణికట్టు లోపల ఎవరో మేకు దిగగొట్టినట్టయింది. రాడ్డు ఎడమవైపుకు ఒరిగి, ఆమెను చుట్టూ తిప్పి, నేలమీద పడింది.

తిరిగినప్పుడు ఆమెకు కంచెలో మేక గుర్తొచ్చింది. పుట్టుకతో కుంటిది కాదది. దానికీ ఊయల కట్టారు. దాన్ని లేపడానికి చూసి ఉంటారు, అది లేవలేదు. తను దానికి తుమ్మకొమ్మ అందించిన రోజుకే అత్తకు ఆ సంగతి తెలుసు.

*

తల్లీ కూతురూ విశాఖపట్నం వెళ్ళారు. సత్తిబాబు వెనక బస్సులో వచ్చాడు. రావొద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు.

తవిటమ్మ ఇంటి తలుపు ఆమె కూతురు లహరి తీసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడుతుంది. ఒక మణికట్టు దగ్గర చర్మం తెల్లబడి పొట్టు రేగుతోంది.

"ఏటమ్మా ఆ సేతికి?" అంది నూకాలమ్మ.

"స్కేటింగ్‌లో పడ్డానత్తా. విరిగింది. ఎముక ఎదిగే చోటే విరిగిందన్నారు. పెద్దాసుపత్రిలో పిండికట్టు వేశారు, నిన్ననే తీశారు. చూడండి, ఎలా తిరుగుతోందో!" అని చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించి, గౌరిని పక్కన కూర్చోబెట్టుకుంది.

తవిటమ్మ లోపలి నుంచి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. గౌరి ఎడంచెయ్యి తీసుకోబోతే గౌరి ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని దానిమీద కుడిచెయ్యి కప్పుకుంది.

"మీ అన్నియ్య అడిగినాడని సేసినావా, నీకు గావాలని సేసినావా?" నూకాలమ్మ సూటిగా అడిగింది.

తవిటమ్మ అబద్ధమాడలేదు. "రెండూ వదినా. మేకల మీద పనిచేసింది. దెబ్బ తగిలిన పిల్లల మీద కొన్ని వారాలకు మించి వాడడానికి నాకు అనుమతి లేదు. అంతకన్నా ఎక్కువకాలం మనిషి ఎముక నిద్రపోగలదా అన్నది ఎవరికీ తెలీదు. ఆ రోజు జీడిచెట్ల కింద అన్నియ్య కాళ్ళమీద పడినంత పని చేశాడు. ఇంట్లో పిల్లే కదా, నా కళ్ళముందే ఉంటుంది కదా అనుకున్నాను."

"దీని సేతి బొమ్మలు నీ సభల్లో సూపించినావా?"

"చూపించాను."

"సప్పట్లు కొట్టినారా?"

సత్తిబాబు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు మాత్రం లేపడం వచ్చేసింది" అని తవిటమ్మ బీరువాలోంచి ఇంకో తొడుగు తీసింది. ముందుదానిలాగే ఉంది. తీగలు మాత్రం రాగిరంగు. "పోయిన నెల రెండు మేకల్లో మొవ్వ లేచింది. ఒకదాంట్లో లేవలేదు. ఎందుకు లేవలేదో వెతుకుతున్నాను. కాని ఆగడానికి వ్యవధి లేదు వదినా. దీని కుడిచెయ్యి పూర్తయిపోవచ్చింది. ఒళ్ళంతా ఎదగడం ఆపేశాక ఈ ఒక్క చేతిని లేపినా లేవదు. ఈ చలికాలం దాటితే చెయ్యి ఇలాగే ఉండిపోతుంది. ఆపరేషన్లు చేస్తారు, కోస్తారు, సాగదీస్తారు, కాని బరువు మోసే మణికట్టు మళ్ళీ రాదు."

నూకాలమ్మ కూతురి వైపు చూసింది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆమె కోపం కొండంత ఉంది. ఇప్పుడు ఆ రాగితీగలు చూసేసరికి అది ఎటో పోయి, భయమొక్కటే మిగిలింది.

"కట్టించుకోవే" అంది మెల్లగా. "తప్పు సేసినోళ్ళ సేతిలోనే మందుంది. ఏటి సేస్తాం?"

"అత్త మాటిను తల్లీ" అన్నాడు సత్తిబాబు గుమ్మంలోంచి. ఆ పూట అతను నోరు విప్పడం అదే మొదలు.

గౌరి కదల్లేదు. తవిటమ్మ వచ్చి నేలమీద, ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుంది. తొడుగు రెండు చేతులతో పట్టుకుంది, నైవేద్యం పట్టుకున్నట్టు.

"ఒలే కోడలుపిల్లా. ఒకసారి నమ్మి చెడిపోయాననుకుంటున్నావు. నిజమే. కాని నిన్ను పాడు చెయ్యాలని చేశానా? పుట్టినప్పట్నుంచి నిన్ను ఎత్తుకు తిరిగిన చెయ్యి ఇది. నాకు నువ్వొకటీ నా కడుపున పుట్టిందొకటీ కాదు. లహరికి కష్టమొస్తే ఏం చేస్తానో, నీకూ అదే చేశాను, ఇప్పుడూ అదే చేస్తాను. ఒక్కసారి నన్ను నమ్ము."

లహరి అమ్మ వైపూ గౌరి వైపూ మార్చి మార్చి చూసింది. గౌరి తన చెయ్యి కప్పుకునే ఉంది.

"మరి లహరి సెయ్యి ఇరిగినప్పుడు దానికి పిండికట్టు ఎందుకేయించినావత్తా?"